పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి మందు ఇచ్చిన భీమవరం డాక్టర్: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు మాత్రలంటే తెలియని ఇల్లు తక్కువ. ఆశా కార్యకర్త గుమ్మం దగ్గర నిలబడి ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసు ఎంత అని అడుగుతుంది. మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెట్టి తన ఎదురుగానే మింగమంటుంది. కొందరు మింగుతారు. కొందరు భోజనం చేశాక వేసుకుంటామని చెప్పి కిటికీలో పెట్టి మర్చిపోతారు. ఆ మాత్రల్లో ఒకటి డీఈసీ, పూర్తి పేరు డైఇథైల్ కార్బమజైన్. దీన్ని 1947లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధనశాల బయటపెట్టింది. అప్పుడు ఆ పరిశోధనలన్నిటికీ డైరెక్టర్‌గా ఉన్నది ఒక తెలుగాయన, పశ్చిమ గోదావరి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అదే ఏడాది అదే ల్యాబ్ నుంచి ఇంకో మందు కూడా బయటికి వెళ్లింది. అది బోస్టన్‌లోని పిల్లల ఆస్పత్రికి చేరింది. రక్త క్యాన్సర్‌తో వారాల్లో చనిపోతారనుకున్న పసిపిల్లల్లో కొందరు ఆ మందుతో మళ్లీ లేచి నడిచారు. అప్పటిదాకా ప్రపంచంలో ఏ మందూ ఆ జబ్బు ముందు అలా నిలబడలేదు.

మెడిసిన్ చదివే పిల్లలకు సుబ్బారావు పేరు పాఠాల్లో తగులుతుంది. ఆయన మందులు వేసుకుంటున్న ఇళ్లల్లో మాత్రం ఆ పేరు పెద్దగా వినపడదు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం చిన్న సర్కారు ఉద్యోగి. తల్లి పేరు వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. పెరిగింది రాజమండ్రిలో. చిన్నప్పుడు చదువు మీద ఏమాత్రం ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి దారిలోనే ఆపించి వెనక్కి తెచ్చుకుంది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పారు. అప్పటికే ఇంట్లో డబ్బుకి కటకట. అయినా తల్లి తన నగలు అమ్మి చదువుకి పంపింది. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరాక మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఇప్పుడు పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతేనే ఇల్లంతా నీరసపడిపోతోంది. వెంకమ్మ మాత్రం రెండు ఫెయిళ్ల తర్వాత కూడా ఈ కొడుకు మీద ఖర్చు పెట్టింది.

ఇంటర్ ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. అప్పుడే మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంలో పెద్దలు కూడా తల్లి అనుమతి లేకుండా తీసుకోమన్నారు, డాక్టరై పేదలకి సేవ చేయమని చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. కాలేజీ ఖర్చు చాలావరకు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. తర్వాత 1919లో ఆయన కూతురు శేషగిరితోనే సుబ్బారావు పెళ్లి జరిగింది.

ఇంతలో గాంధీజీ పిలుపు వచ్చింది. విదేశీ బట్ట వద్దని సుబ్బారావు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌనే వేసుకునేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఇంగ్లీషు దొర, ఆయనకి ఇది నచ్చలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా చివరికి సుబ్బారావు చేతికొచ్చింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్. అది పట్టుకుని సర్కారు వైద్య కొలువు కోసం ప్రయత్నిస్తే అదీ రాలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పని దొరికింది.

ఈ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు తోబుట్టువులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ట్రాపికల్ స్ప్రూ. ఈ జబ్బులో తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి డాక్టర్ల దగ్గర దీనికి మందు లేదు. సుబ్బారావుకి కూడా అదే జబ్బు వచ్చింది, ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. స్ప్రూ ఎందుకు వస్తుంది, దాన్ని ఆపేది ఏమిటి అన్న ప్రశ్న ఆయనతో పాటే అమెరికా వెళ్లింది.

1920ల మొదట్లో, ముప్పై నిండకముందే ఆయన ఓడెక్కి బోస్టన్ చేరారు. డబ్బు కొంత మామగారిచ్చారు, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం. భార్య అప్పుడు గర్భవతి. కొన్నేళ్లలో వచ్చేస్తానని చెప్పి వెళ్లారు. తర్వాత కొడుకు పుట్టాడని కబురు వెళ్లింది. ఏడాది కూడా నిండకముందే ఆ బిడ్డ ఇన్ఫెక్షన్‌తో పోయాడని ఇంకో కబురు వెళ్లింది. తండ్రి ఆ బిడ్డని కళ్లతో చూడలేదు. యాంటీబయాటిక్స్ ఇంకా పుట్టని కాలం అది. ఆయన తిరిగి రాలేదు కూడా, చనిపోయేదాకా అమెరికాలోనే ఉండిపోయారు. శేషగిరి ఇక్కడ ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఈ విషయాన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటేసి పరిశోధనల దగ్గరికి వెళ్లిపోతారు. మందులు కనిపెట్టినాయన కదా అని దీన్ని పక్కన పెట్టేయలేం. పాతికేళ్లు ఒక ఆడమనిషి జీవితం ఉత్తరాల మీద నడిచింది. సుబ్బారావు పనికి అయిన ఖర్చులో ఆమె వంతు కూడా ఉంది. ఏ జమా ఖర్చు పుస్తకంలోనూ దాన్ని ఎవరూ రాయలేదు.

హార్వర్డ్‌లో మొదట ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా చేశారు. ఇండియా డిగ్రీతో అక్కడ డాక్టరుగా పని చేయనివ్వరు. బతుకుతెరువు కోసం ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పనివాడిగా చేరి రోగుల మలమూత్రాల పళ్లేలు ఎత్తారు. పగలు సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీ ల్యాబ్. 1925లో ఈ ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ నేర్చుకుంటారు. 1927లో కండరాల్లో ఫాస్పోక్రియాటిన్ కనుక్కున్నారు. కండరం ఎలా పనిచేస్తుందన్న దాని మీద అంతకుముందే నోబెల్ తీసుకున్న వాళ్ల లెక్క దీంతో తలకిందులైంది. 1929లో ఏటీపీ. ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే పదార్థం ఇదే. దాదాపు అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత కొలువు దక్కలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, ఆ తర్వాత కూడా పదేళ్లు చిన్న జీతంతోనే లాక్కొచ్చారు. ఆయన చేసిన పనిలో కొంత బయటికి రాకుండా ఫిస్కే అడ్డుపడ్డాడని, అందువల్ల వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని తోటి శాస్త్రవేత్త జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఈ హిచింగ్స్ మామూలు మనిషి కాదు, 1988లో వైద్యంలో నోబెల్ తీసుకున్నాడు.

1940లో సుబ్బారావు యూనివర్సిటీ వదిలి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధనకి డైరెక్టర్ అయ్యారు. చేతికింద పెద్ద టీమ్ వచ్చింది. కంపెనీ డబ్బు పెట్టింది. స్ప్రూని పట్టుకునే వీలు ఇప్పుడు దొరికింది.

ఇక్కడ కొంచెం వెనక్కి, బొంబాయికి వెళ్లాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు లేడీ డాక్టర్ బొంబాయి వచ్చింది. గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ఎందుకు ఎక్కువగా ఉందో కనుక్కోవడం ఆమె పని. ఈ జబ్బు అందరికంటే ఎక్కువగా పట్టి పీడిస్తోంది పేద ముస్లిం స్త్రీలనేనని ఆమె గమనించింది. కారణం కోసం వెతికితే తిండి దగ్గర తేలింది. వాళ్ల తిండే అందరికంటే నాసిగా ఉంది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం ఇస్తే ఆ తల్లులు కోలుకున్నారు. అందులో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. 1931లో విల్స్ ఈ సంగతి ప్రకటించింది. పదేళ్ల తర్వాత అమెరికాలో మిచెల్ అనే శాస్త్రవేత్త బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కాస్త వేరు చేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది. ఆకుకి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చిన మాట అది.

టన్నులకొద్దీ పాలకూర తెచ్చి మందు చేస్తే ఎంతమందికి సరిపోతుంది? ల్యాబ్‌లోనే తయారు చేయగలగాలి. సుబ్బారావు టీమ్ 1945లో ఆ పని సాధించింది. ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చాక టామ్ స్పైస్ అనే డాక్టర్ దాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూశాడు. మంచాన పడ్డవాళ్లు లేచి తిండి తిన్నారు. రాజమండ్రి ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బుకి మందు దొరికింది. అప్పటికి దాదాపు పాతికేళ్లు దాటిపోయాయి.

ఈ రోజు ప్రతి పీహెచ్‌సీలో గర్భిణులకి ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఉన్న ఫోలిక్ యాసిడ్ ఇదే. తల్లికి రక్తం పట్టడం ఒక్కటే కాదు దీని పని. గర్భం మొదటి వారాల్లో ఇది సరిపడా ఉంటే బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా మూసుకోకుండా పోయే లోపాలు చాలావరకు రావని 1991లో వెలువడిన పెద్ద పరిశోధనలో తేలింది. అందుకే గర్భం నిలవకముందు నుంచే వేసుకోవాలని డాక్టర్లు చెబుతారు. మాత్ర వేసుకుంటే వికారమని, మలం నల్లగా వస్తోందని ఆపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నలుపు ఐరన్ వల్ల వచ్చేదే, భయపడక్కర్లేదు.

ఇక బోస్టన్. అక్కడి పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఉండేవాడు. ఆయన పాథాలజిస్టు. చనిపోయిన పిల్లల శరీరాలు పరీక్షించి జబ్బు ఏమిటో చెప్పడం ఆయన వృత్తి. రక్త క్యాన్సర్ పిల్లలు ఆయన బల్ల మీదికి వరసగా వస్తూనే ఉండేవారు. ఆ రోజుల్లో ఈ జబ్బు తేలిన బిడ్డకి డాక్టర్లు రక్తం ఎక్కించేవారు, నొప్పి తగ్గించేవారు. అంతకుమించి చేయగలిగింది లేదు. వారాలు, మహా అయితే కొన్ని నెలలు. తల్లిదండ్రులకి దువా తప్ప ఇంకో దారి ఉండేది కాదు.

ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగుచేస్తోంది కదా, రక్త క్యాన్సర్‌లో కూడా పనిచేస్తుందేమో అని ఫార్బర్ అనుకున్నాడు. సుబ్బారావుతో బోస్టన్ రోజుల నుంచే ఆయనకి పరిచయం. లెడర్లీ నుంచి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు తెప్పించి పిల్లలకి ఇచ్చాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా పెరిగింది. తోటి డాక్టర్లకి కోపం వచ్చింది. కోపం రావడంలో తప్పులేదు. ఎలాగూ పోయే పిల్లలే అయినా, వాళ్ల మీద తెలియని మందు ప్రయోగించి జబ్బు పెంచితే ఏ డాక్టరు ఊరుకుంటాడు? ఇప్పుడైతే ఇలాంటి ప్రయోగానికి ముందు నైతిక కమిటీ అనుమతి కావాలి, కన్నవాళ్ల సంతకం కావాలి, ఎన్నో మెట్లు ఎక్కాలి. అప్పుడు ఆ ఏర్పాట్లు ఇంకా రాలేదు.

అయితే ఆ చేదు ఫలితంలోంచే దారి కనిపించింది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే క్యాన్సర్ కణాలు రెచ్చిపోతున్నాయంటే, వాటికి అది తిండి అన్నమాట. ఆ తిండిని ఆపేస్తే? ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ ఫోలిక్ యాసిడ్ పని చేయని పదార్థం కావాలి. నకిలీ తాళంచెవి లాంటిది. తాళంలోకి దూరుతుంది, తిరగదు, అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేక అక్కడే ఆగిపోతుంది. సుబ్బారావు టీమ్ ఫోలిక్ యాసిడ్ తయారు చేసే దారిలోనే ఇలాంటి నకిలీలని కూడా తయారు చేయడం నేర్చుకుంది. వాటిలో బాగా బలమైనది అమినోప్టెరిన్. దీని తయారీ గురించి 1947లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి పేరు డోరిస్ సీగర్ అనే మహిళా రసాయన శాస్త్రవేత్తది. కిందివాళ్ల పేరు ముందు పెట్టి తాను వెనక ఉండటం సుబ్బారావుకి అలవాటు.

1947 డిసెంబరు చివరి వారంలో ఫార్బర్ ఈ మందుని రెండేళ్ల అబ్బాయికి మొదలుపెట్టాడు. తండ్రి ఓడల రేవులో పనివాడు. అబ్బాయి కడుపులో ప్లీహం బాగా ఉబ్బిపోయింది, నడవలేకపోతున్నాడు. రక్తంలో తెల్లకణాలు రోజురోజుకీ పెరిగిపోతున్నాయి. మందు పడ్డాక కొద్ది రోజులకి ఆ పెరుగుదల ఆగింది. తర్వాత దిగడం మొదలైంది. కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్లకి ఆ పిల్లాడు తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు. ఇంటి దగ్గర కవల సోదరుడితో ఆడుకున్నాడు. వాళ్లమ్మకి అప్పుడు ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఆ పిల్లాడు బతకలేదు. కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది, 1948లోనే చనిపోయాడు. ఫార్బర్ బృందం 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం 16 మంది పిల్లలకి మందు ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమేనని, మందుకి విషప్రభావం ఉందని కూడా అందులోనే రాశారు. చాలామంది డాక్టర్లు నమ్మలేదు. కొన్ని నెలలు ఎక్కువ బతికించి ఏం లాభమని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ కొన్ని నెలల విలువ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లకి తెలుసు. శాస్త్రవేత్తలకి దొరికింది ఇంకోటి. మందుతో ఈ క్యాన్సర్‌ని వెనక్కి తరమొచ్చని తొలి రుజువు దొరికింది. ఒక మందు కొన్ని నెలలు ఆపితే రెండు మూడు కలిపి ఇస్తే ఎన్నాళ్లు ఆపుతాయి? తర్వాత ఇరవై ఏళ్లు పరిశోధన ఆ ప్రశ్న మీదే నడిచింది.

సుబ్బారావు అది చూడలేదు. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, 1948 ఆగస్టు 8 రాత్రి పడుకున్న మనిషి తెల్లారేసరికి లేవలేదు. గుండెపోటు. వయసు 53. ఇక్కడ దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది కాబోతోంది. 1946లోనే అమెరికా చట్టం మారి భారతీయులకి పౌరసత్వం తీసుకునే వీలొచ్చినా ఆయన తీసుకోలేదు. ఆయన నాయకత్వంలో లెడర్లీలో పుట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి ఆ జులైలోనే లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది అది. దాన్ని మట్టిలోంచి పట్టుకున్నది డెబ్బై దాటిన బెంజమిన్ డుగ్గర్. యూనివర్సిటీ రిటైర్ చేసిన ముసలాయనకి సుబ్బారావు ల్యాబ్‌లోనే పని దొరికింది.

బోస్టన్‌లో ఫార్బర్ పేరు మీద ఇప్పుడు పెద్ద క్యాన్సర్ సంస్థ ఉంది. పిల్లల కోసం విరాళాలు పోగుచేసి ఆయన దాన్ని కట్టాడు, ఆ గౌరవానికి తగినవాడే. సుబ్బారావు పేరు ఒక శిలీంధ్రానికి పెట్టారు, సుబ్బరోమైసిస్ అని. మన తపాలా శాఖ శత జయంతి ఏడాది 1995లో ఒక స్టాంపు వేసింది.

బోదకాలు మందు సంగతి కూడా పూర్తి చేయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి పైలేరియా పట్టుకుంది. దాంతో అక్కడ దీనికి మందు వెతకడం మొదలైంది. డీఈసీ రక్తంలో తిరిగే సూక్ష్మ పురుగుల్ని చంపుతుంది. కాలు ఒకసారి లావెక్కిపోయాక దాన్ని మామూలు చేయలేదు. మందు వేసుకున్నవాళ్ల రక్తంలో పురుగులు లేకపోతే దోమకి దొరకవు, దోమ పక్కింటికి మోసుకెళ్లదు. జబ్బు లేనివాళ్లని కూడా మింగమనేది అందుకే. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు.

అమినోప్టెరిన్‌ తర్వాత దానికంటే కాస్త భద్రమైన చెల్లెలి లాంటి మందు మెథోట్రెక్సేట్ వాడకంలోకి వచ్చింది. అది కూడా లెడర్లీదే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ ఏఎల్ఎల్. సంపన్న దేశాల్లో ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. మన దగ్గర అంత లేదు. జబ్బు ఆలస్యంగా తేలడం, మధ్యలో వైద్యం ఆపేయడం ముఖ్య కారణాలు. తగ్గని జ్వరం, పాలిపోవడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, ఎముకల నొప్పి ఉంటే రక్త పరీక్ష చేయించాలి. ఇచ్ఛాపురం, పలాస, సాలూరు వైపు నుంచి విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్లాలంటే దూరమే. చికిత్స కూడా రెండు మూడేళ్లు నడుస్తుంది. బిడ్డ బాగా ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో మానేస్తే ఆ మొదటి పిల్లాడిలాగే జబ్బు తిరగబెడుతుంది.

చికిత్స చివరి భాగంలో మెథోట్రెక్సేట్ మాత్రలు ఇంటికి ఇచ్చి పంపుతారు. ఇంట్లో పెద్దవాళ్లకి కీళ్లవాతానికి కూడా ఇదే మాత్ర రాస్తారు. సాధారణంగా ఇది వారానికి ఒకసారే వేసుకోవాలి. రోజూ వేసే మాత్ర అనుకుని పొరపాటున వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ రాసిన రోజు ఏదో మాత్రల డబ్బా మీద తెలుగులోనో ఉర్దూలోనో పెద్దగా రాసి పెట్టుకోవాలి. క్యాన్సర్ వైద్యంలో ఉన్న బిడ్డకి బలం వస్తుందని ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు, విటమిన్ టానిక్కులు డాక్టర్‌ని అడక్కుండా పట్టకూడదు.